పెద్ద సంఖ్యను విడగొట్టడం ఎలా: 1,23,45,678 తో చేసి చూద్దాం

పెద్ద సంఖ్య చేతికొస్తే ముందు ప్రధాన కారణాంకాలుగా విడగొట్టండి. భాజకాలు ఎన్ని, వాటి మొత్తం ఎంత, వర్గ సంఖ్యా కాదా అన్నవి ఆ తర్వాత నాలుగు గుణకారాల్లో తేలిపోతాయి. 1,23,45,678 తీసుకుందాం.

చివరి అంకె 8, కాబట్టి 2తో పోతుంది. చివరి రెండంకెలు 78, దాన్ని 4 భాగించదు. అంటే 2 ఒక్కసారే. మిగిలింది 61,72,839. అంకెల మొత్తం 36, కాబట్టి 9తో భాగిస్తే 6,85,871. ఇక్కడ అంకెలు మళ్లీ కూడండి: 35. ఇక 3 లేదు. ఈ రెండో పరీక్ష మరిచిపోతేనే ఘాతాలు తప్పుతాయి.

7, 11, 13లను ఒకేసారి చూడొచ్చు, ఎందుకంటే 7×11×13 = 1001. కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి, ఒకదాన్ని కూడుతూ ఒకదాన్ని తీసేస్తూ పోవాలి: 871−685 = 186. దీన్ని ఆ మూడింటిలో ఏదీ భాగించదు. లక్షల కామాలతో మాత్రం చాలా జాగ్రత్త. 6, 85, 871 అని కామాల దగ్గరే విడదీస్తే 871−85+6 = 792 వస్తుంది. అది 11×72! లేని కారణాంకం ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇక 17 నుంచి ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించాలి. మిగిలిన సంఖ్య వర్గమూలం దాకా వెళ్తే చాలు. ఇక్కడ అది 828 చిల్లర. కానీ 47 దగ్గరే తెగుతుంది: 47×14,593. వెంటనే హద్దు మార్చుకోండి. 14,593 వర్గమూలం 120.8, కాబట్టి 47తోనే మళ్లీ మొదలుపెట్టి 113 దాకా 16 ప్రధాన సంఖ్యలు చూస్తే సరి. ఏదీ భాగించదు, అంటే 14,593 ప్రధాన సంఖ్యే. పాత హద్దే పట్టుకుంటే 827 దాకా వృథా శ్రమ.

1,23,45,678 = 2×3²×47×14,593.

ప్రతి ఘాతానికీ 1 కలిపి గుణిస్తే భాజకాల సంఖ్య: 2×3×2×2 = 24. వాటి మొత్తం (1+2)(1+3+9)(1+47)(1+14,593) = 2,73,19,968. ఇది అసలు సంఖ్యకు రెట్టింపు కన్నా ఎక్కువ. 2, 47, 14,593ల ఘాతాలు బేసి, కనుక వర్గ సంఖ్య కాదు.

కారణాంకాలను తిరిగి గుణించి సరిచూడండి. 9తో భాగిస్తే వచ్చే శేషం (9 శేషం) సరిపోయిందని అదొక్కటే నమ్మొద్దు, అంకెలు తారుమారైతే దానికి తెలియదు. పక్కపక్క అంకెలు మారితే 11 శేషం పట్టిస్తుంది.

ఎక్సెల్‌లో 15 అంకెలు దాటితే ఆపైవి సున్నాలైపోతాయి. పైథాన్‌లో పూర్ణాంకాలకు ఆ బెడద లేదు గానీ, భాగహారానికి ఒక్క గీత (/) వాడితే ఫలితం దశాంశంగా మారి పెద్ద సంఖ్యల చివరి అంకెలు చెడతాయి. రెండు గీతలు (//) వాడండి.