తుపాను నెలల ముందు క్లౌడ్ పరీక్ష: ముంబయిని నిజంగా తెంపారా?

2025 అక్టోబరు 20న వర్జీనియాలోని అమెజాన్ క్లౌడ్ రీజియన్‌లో (డేటా సెంటర్ల సముదాయంలో) ఒక డేటాబేస్ సేవ చిరునామా డీఎన్ఎస్‌లో, అంటే ఇంటర్నెట్ చిరునామాల పట్టికలో, ఖాళీ అయింది. దాని మీద నడిచే యాప్‌లు గంటల తరబడి ఆగిపోయాయి. ఎనిమిది రోజులకే మొంథా తుపాను మన కోస్తాను తాకింది. ఈ రెండూ ఒకే రోజు వస్తే ఎలాగన్నది ముంబయి రీజియన్ మీద యాప్‌లు నడిపే విశాఖ రుషికొండ, మధురవాడ ఐటీ టీమ్‌లు అక్టోబరుకు ముందే తేల్చుకోవాలి.

బ్యాకప్ తీయడం, రెండో రీజియన్ పెట్టుకోవడం అందరికీ తెలుసు. కొంప ముంచేది వేరే. ముంబయి బతికుండగానే ట్రాఫిక్‌ను హైదరాబాద్ రీజియన్‌కు మళ్లించి, పేజీ తెరుచుకుంది కదా అని పరీక్ష పాసైనట్టు రాసుకుంటారు. తెరుచుకోక ఏమవుతుంది? లాగిన్ టోకెన్ (లోపలికి రానిచ్చే డిజిటల్ చీటీ) ముంబయి ఇస్తోంది, కంటెయినర్ ఇమేజ్ (యాప్ మొత్తం ఉన్న ప్యాకేజీ) ముంబయి రిజిస్ట్రీ నుంచి దిగుతోంది, పాస్‌వర్డ్‌లు విప్పే కీ ముంబయిలోనే ఉంది. ముంబయి బతికుండగా చేసింది పరీక్ష కాదు.

కాబట్టి ముంబయితో లింకులన్నీ తెంపండి. ముందు స్టేజింగ్‌లో (ప్రయోగాల కోసం ఉంచుకున్న నకలు సిస్టమ్‌లో), తర్వాత రద్దీ లేని వేళ అసలు సిస్టమ్‌లో. సెక్యూరిటీ గ్రూప్ (ఒక్కో సర్వర్‌కు ఉండే ఫైర్‌వాల్) రూలు తీసేస్తే చాలదు, అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు నడుస్తూనే ఉంటాయి. నెట్‌వర్క్ ఏసీఎల్‌లో (సబ్‌నెట్ మొత్తానికి ఉండే వడపోతలో) అడ్డుకుంటే అవీ తెగుతాయి. హైదరాబాద్ వైపు పేరులో ‘ఏపీ-సౌత్-1’ (ముంబయి రీజియన్ కోడ్) ఉన్న ప్రతి చిరునామానూ ఫైర్‌వాల్‌లో ఆపండి. పది నిమిషాలకే ముగించకండి, టోకెన్ల గడువు తీరేదాకా ఉంచండి. ఈలోగా నాలుగు సర్వర్లు చంపి కొత్తవి లేపండి. నడుస్తున్న సర్వర్ ఇమేజ్‌నూ కీనీ తన దగ్గరే దాచుకుంటుంది, లోపం కొత్త సర్వర్ దగ్గరే బయటపడుతుంది.

మిగతావి:

డీఎన్ఎస్ టీటీఎల్‌ను (పాత చిరునామాను గుర్తుంచుకునే గడువును) ముందే 60 సెకన్లకు దించండి, కనీసం పాత టీటీఎల్ అంత సమయం ముందు.

రెప్లికా (హైదరాబాద్‌లోని డేటాబేస్ నకలు) ఎన్ని సెకన్లు వెనకబడి ఉందో తెంపే క్షణంలో రాసుకోండి. పోయే డేటా అంతే.

రీట్రైల (విఫలమైన అభ్యర్థనను మళ్లీ పంపడాల) మధ్య విరామం పెంచుతూ పోండి, కాస్త యాదృచ్ఛికంగా మార్చండి. లేకపోతే లేచిన సర్వర్‌ను మీ యాప్‌లే మళ్లీ పడగొడతాయి.

హైదరాబాద్‌లో సర్వర్ల కోటా ఈరోజే పెంచించుకోండి. ఆ రోజు అందరూ ఒకేసారి అడుగుతారు.

డీఎన్ఎస్ రికార్డులు అప్పటికప్పుడు మార్చే పద్ధతి వద్దు. అమెజాన్ డీఎన్ఎస్ సేవ రూట్ 53లో మార్పులు స్వీకరించే భాగం వర్జీనియాలో ఉంది. హెల్త్ చెక్‌తో (సర్వర్ బతికుందో లేదో చూసే తనిఖీతో) ట్రాఫిక్ దానంతటదే మళ్లేలా ముందే పెట్టండి.

అలర్ట్‌లు పంపే సిస్టమ్ ముంబయిలో ఉండకూడదు.

ముంబయి తిరిగి లేచాక పాత డేటాబేస్ రాతలు తీసుకోకూడదు. రెండు చోట్లా రాతలు పడితే కలపడం వారాల పని.

ట్రాఫిక్ మళ్లించే మీట నొక్కే అధికారం విశాఖ బయట ఉన్న ఒకరికీ ఇవ్వండి. 2014లో హుద్‌హుద్ తర్వాత ఇక్కడ కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఓటీపీ ఎవరికొస్తుంది?

రన్‌బుక్ (ఆ రోజు ఏ పని తర్వాత ఏది చేయాలో రాసుకున్న జాబితా) కాగితం మీద అచ్చేయించండి.

గత పరీక్షలో ముంబయిని తెంపారా? తెంపకపోతే ఆ ‘పాస్’ కొట్టేసి, ఈ శనివారం రాత్రికే తేదీ వేయండి.