చదువుకు ముందు ఇరవై నిమిషాలు: బడి పిల్లల దినచర్యలో వ్యాయామాన్ని అమర్చుకునే తీరు

చిత్తూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెప్పినన్నాళ్లూ, జనవరి వచ్చిందంటే పదో తరగతి డ్రిల్ పీరియడును అడిగి తీసుకున్న ఉపాధ్యాయుల్లో నేనూ ఒకణ్ణి. వ్యాయామోపాధ్యాయుడు మొహమాటానికి కాదనేవారు కాదు, ప్రధానోపాధ్యాయుడు సంతోషించేవారు, తల్లిదండ్రులు మెచ్చుకునేవారు. ఆ పీరియడులో నేను చెప్పిన త్రికోణమితి పిల్లలకు ఎంత ఎక్కిందో మాత్రం, ఆ తర్వాతి గంటలో వాళ్ల వాడిపోయిన ముఖాలు చూసిన సైన్సు టీచరుకే తెలుసు. ఆట సమయాన్ని చదువుకు మళ్లిస్తే పుస్తకం ముందు కూర్చునే గంటలు పెరుగుతాయి గానీ తలకెక్కేది ఆ లెక్కన పెరగదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో బడి పిల్లలున్న ఇళ్లలో వ్యాయామాన్ని రోజులో ఎక్కడ పెట్టాలో, ఎంత పెట్టాలో, ఏ రూపంలో పెట్టాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా ఒక జాగ్రత్త చెప్పాలి. వ్యాయామం చేయిస్తే ఇన్ని మార్కులు పెరుగుతాయని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాలు 2010లో ఈ విషయంపై 50 అధ్యయనాలను పరిశీలించి ప్రకటించిన నివేదికలో, వ్యాయామానికీ చదువుకూ మధ్య లెక్కగట్టిన సంబంధాల్లో సగానికి కాస్త పైగా అనుకూలంగా తేలాయి, ప్రతికూలంగా తేలినవి 1.5 శాతం మాత్రమే, మిగిలిన వాటిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కెనడాలోని ట్రువా రివియేర్ పట్టణంలో 1970లలో ప్రాథమిక పాఠశాల పిల్లలకు పాఠాల సమయం తగ్గించి రోజూ ఒక గంట వ్యాయామం చేయించి కొన్నేళ్లు గమనిస్తే, చదువు దెబ్బతినలేదని తేలింది. ఆటలకు పంపితే చదువు పాడవుతుందన్న భయానికి ఆధారం లేదన్నది మొదట గుర్తుంచుకోవలసిన విషయం. మేలు ఎంత జరుగుతుందన్నది ఆ వ్యాయామాన్ని మనం ఏ వేళలో, ఏ తీరులో పెడతామన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఏ వేళలో పెట్టాలి

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చార్ల్స్ హిల్‌మన్ బృందం 2009లో ప్రచురించిన ఒక చిన్న పరిశోధన మన పనికి బాగా ఉపకరిస్తుంది. తొమ్మిది, పదేళ్ల వయసున్న 20 మంది పిల్లలను ఒక రోజు ట్రెడ్‌మిల్ మీద ఇరవై నిమిషాలు చురుగ్గా నడిపించారు, మరో రోజు అంతసేపూ ఊరికే కూర్చోబెట్టారు. నడిచిన రోజున, గుండె వేగం మామూలు స్థితికి వచ్చాక పరీక్షిస్తే, దృష్టి చెదరకుండా సరైన జవాబు గుర్తించడంలోనూ, చదివినదాన్ని అర్థం చేసుకోవడంలోనూ పిల్లలు మెరుగ్గా ఉన్నారు. చేసింది పరుగుపందెం కాదు, నడక మాత్రమే. ఆ మేలు కనిపించింది మర్నాడో మరుసటి వారమో కాదు, నడక ముగిసిన కాసేపటికే.

అందుచేత వ్యాయామాన్ని పిల్లవాడికి అన్నిటికన్నా కష్టమైన పాఠానికి కాస్త ముందు పెట్టాలి. మన ఇళ్లలో సాధారణంగా జరిగేది దీనికి విరుద్ధం. బడి వదలగానే పిల్లవాడు నేరుగా ట్యూషన్‌కు వెళ్తాడు, ఏడున్నరకు ఇల్లు చేరి అన్నం తిని హోంవర్కు ముందు కూర్చుంటాడు, ఆట ఆదివారానికి వాయిదా పడుతుంది. ఉదయం నుంచి కూర్చునే ఉన్న శరీరాన్ని మళ్లీ కూర్చోబెట్టి, మనసు నిలవడం లేదని కోప్పడతాం. ట్యూషన్ మాస్టారిని అడిగి అరగంట తర్వాతి బ్యాచ్‌కు మార్పించుకోండి. అది కుదరకపోతే ట్యూషన్‌కు స్కూటరు మీద దింపడం మానేసి నడిచో సైకిలు మీదో వెళ్లనివ్వండి, రోడ్డు దాటడం ప్రమాదమనుకుంటే మీరూ వెంట నడవండి. ఇంట్లోనే చదువుకునే పిల్లలైతే, నాలుగున్నరకు వచ్చి తేలికగా ఏదైనా తిని, ఐదుంబావు నుంచి ఆరుంబావు దాకా ఆడి, స్నానం చేసి, ఆరున్నరకు లెక్కల పుస్తకం తెరిచే ఏర్పాటు నేను చూసినవాటిలో బాగా నిలిచింది. లెక్కలు ఇబ్బంది పెట్టని పిల్లలకు ఆ చోటును హిందీకో సాంఘికానికో ఇవ్వండి.

తెల్లవారుజామున చదివించే ఇళ్లలో, నిద్ర లేవగానే పుస్తకం ఇవ్వకుండా పది పదిహేను నిమిషాల సూర్య నమస్కారాలో, వీధి చివరి దాకా చురుకైన నడకో చేయించాలి. అయితే దాని కోసం నిద్రను కోయకూడదు. 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెప్తారు. పదకొండింటికి పడుకున్న పిల్లవాణ్ణి నాలుగున్నరకు లేపి పరుగెత్తించడం వల్ల చదువుకు వచ్చేదేమీ ఉండదు. చదువు మధ్యలో ప్రతి నలభై నిమిషాలకు ఒకసారి లేపి, మిద్దె మెట్లు రెండు మూడుసార్లు ఎక్కి దిగమంటే చాలు. ఆ విరామంలో ఫోను చేతికివ్వకండి, ఇస్తే ఐదు నిమిషాలు అరగంటవుతుంది.

ఎంత చేయాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాల పాటు మోస్తరు నుంచి తీవ్రమైన శారీరక శ్రమ ఉండాలి, వారంలో కనీసం 3 రోజులు కండరాలకూ ఎముకలకూ బలమిచ్చే పనులు ఉండాలి. ఈ గంట ఒకేసారి దొరకనక్కర్లేదు. బడికి నడిచిన పావుగంట, భోజన విరామంలో ఆడిన ఇరవై నిమిషాలు, సాయంత్రం అరగంట కలిస్తే సరిపోతుంది. తాడాట, తొక్కుడుబిళ్ల, చెట్టెక్కడం ఎముకల బలానికి పనికొచ్చేవే. శ్రమ సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలు అవసరం లేదు: పిల్లవాడు మాట్లాడగలుగుతూ, పాట పాడలేనంతగా ఊపిరి వేగం పెరిగితే మోస్తరు శ్రమ జరిగినట్టు, నాలుగు మాటలకే ఆగి గాలి పీల్చుకోవలసి వస్తే తీవ్రమైన శ్రమ జరిగినట్టు.

ఏ ఆట ఆడించాలి

గుండెను పరుగెత్తించే ఏ పనైనా మంచిదే గానీ, నన్నడిగితే ఖోఖోకు మొదటి చోటిస్తాను. ఎనిమిది మంది వరుసగా, ఒకరు అటు, ఒకరు ఇటు చూస్తూ కూర్చుంటారు, తొమ్మిదోవాడు తరుముతాడు. తప్పించుకునేవాడు కూర్చున్నవారి మధ్య నుంచి ఇష్టమొచ్చినట్టు దాటవచ్చు, తరిమేవాడు మాత్రం మధ్య గీత దాటకూడదు, ఒకసారి పట్టిన దిక్కు మార్చుకోకూడదు. కాబట్టి అతడు పరుగెత్తుతూనే తనకు అందని పక్కకు ఎవరు లేస్తే దొరుకుతాడో చూసుకుని, క్షణంలో తీర్మానించుకుని, ఆ వీపు తట్టి ఖో చెప్పి తాను కూర్చోవాలి. కూర్చున్నవాడు తనకు ఖో రాకముందే లేవకుండా తన్ను తాను ఆపుకోవాలి. తొందరను అణచుకోవడం, నియమాన్ని మనసులో నిలుపుకోవడం, పరిస్థితి మారగానే ఆలోచన మార్చుకోవడం అనే ఈ మూడూ లెక్క చేస్తున్నప్పుడు కావలసినవే. స్విట్జర్లాండ్‌లో 10 నుంచి 12 ఏళ్ల పిల్లలపై జరిపి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆలోచనకు పని పెట్టే జట్టు ఆటలు ఆడినవారిలో ఒక పని నుంచి మరో పనికి మనసును మళ్లించుకునే శక్తి పెరిగింది, ఉత్త పరుగు వ్యాయామం చేసినవారిలో ఆ మార్పు రాలేదు. ఆ పిల్లలు ఆడింది ఖోఖో కాదు, అయినా కబడ్డీ, ఖోఖో, ఏడుపెంకులాట ఆ కోవలోకే వస్తాయని నా అభిప్రాయం. ఆటంటే ఇష్టం లేని పిల్లవాణ్ణి వీటిలోకి నెట్టవద్దు. అతడికి సైకిలు, నడక, ఈత సరిపోతాయి.

చోటు, కాలం

తిరుపతిలో అపార్టుమెంట్ల మధ్య చోటు లేదన్న మాట నిజమే గానీ, ప్రకాశం పార్కు, ఇందిరా మైదానం, విశ్వవిద్యాలయ ఆవరణలోని తారకరామ స్టేడియం ఉన్నాయి, చిత్తూరులో మెసానికల్ మైదానం ఉంది. అనుమతించే వేళలు కనుక్కుని, నాలుగిళ్ల పిల్లలను కలిపి, వంతులవారీగా ఒక పెద్ద మనిషి వెంట ఉండేలా చూసుకుంటే ఆట రెండు వారాల్లో ఆగిపోకుండా సాగుతుంది.

మనకు మాత్రమే ఉన్న మరో సౌకర్యం కొండ. సెలవు రోజున అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లో, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లో ఎక్కడం పెద్ద పిల్లలకు మంచి వ్యాయామం. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయిన తర్వాత తితిదే పిల్లల విషయంలో సమయ నియమాలు పెట్టింది కాబట్టి, బయలుదేరే ముందు అప్పటి నియమాలు తెలుసుకుని, పిల్లల చెయ్యి వదలకుండా గుంపుతో నడవాలి. పరీక్షల ముందు రోజు మొక్కు పేరుతో కొండ ఎక్కించే తల్లిదండ్రులు మన దగ్గర తక్కువేం లేరు. అలవాటు లేని కాళ్లు మర్నాటికి పట్టేసి పరీక్ష హాల్లో బల్ల కింద ఇబ్బంది పెడతాయి. స్వామికి చెప్పుకుని, నడిచి వచ్చే మొక్కును పరీక్షలయ్యాక తీర్చుకోవచ్చు.

మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు మొదలయ్యాక పగటి ఆటలు కట్టిపెట్టాలి. ఉదయం ఎనిమిదింటిలోపు, సాయంత్రం ఐదున్నర దాటాక ఆడించి, దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్య నీళ్లు తాగించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే రోజుల్లో వరండాలో తాడాట, ఇంట్లో సూర్య నమస్కారాలు సరిపోతాయి. కడుపు నిండా సంగటి తిని వెంటనే పరుగెత్తకూడదు. ఆటకు ముందు అరటిపండో, గుప్పెడు చెనక్కాయలూ బెల్లం ముక్కో చాలు.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. ఏడో తరగతి వరకు మైదానంలో ఉన్న పిల్లలు ఎనిమిది, తొమ్మిదికి వచ్చేసరికి గట్టున కూర్చుంటారు. కారణం సిగ్గూ, ఇంట్లో వద్దనడమూ మాత్రమే కాదు, చాలాసార్లు రక్తహీనత. కాసేపు పరుగెత్తితేనే ఆయాసం, కళ్లు తిరగడం, చదువులో ఎప్పుడూ అలసట కనిపిస్తే బద్ధకమని తిట్టకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. బడిలో వారానికి ఒకసారి ఇచ్చే ఐరన్ మాత్రను పారేయకుండా, టీతో కలపకుండా వేసుకునేలా చూడండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లలను వైద్యుణ్ణి అడిగిన తర్వాతే ఆటలకు పంపాలి.

బడిలో, హాస్టల్లో

ఉపాధ్యాయులకు నా మనవి రెండే మాటలు. డ్రిల్ పీరియడును తీసుకోవద్దు, గుంజీలనూ మైదానం చుట్టూ పరుగునూ శిక్షగా వాడవద్దు. శారీరక శిక్షను విద్యా హక్కు చట్టం నిషేధించిందన్నది ఒక సంగతైతే, శిక్షగా పరుగెత్తిన పిల్లవాడు ఇష్టంగా పరుగెత్తడన్నది మరో సంగతి. నేను చివరి కొన్నేళ్లలో నిరూపక జ్యామితిని మైదానంలో సున్నంతో అక్షాలు గీసి, పిల్లలను బిందువులుగా నిలబెట్టి చెప్పాను. మైనస్ మూడు ఎటు నడవాలో కాళ్లకు తెలిశాక నోటు పుస్తకంలో తప్పులు తగ్గాయి.

ప్రైవేటు బడిలో, ముఖ్యంగా ఇంటర్మీడియట్ హాస్టల్లో చేర్చే ముందు ఫీజు అడిగినంత గట్టిగా మైదానం గురించి అడగండి. ఎక్కడ ఉంది, వారానికి ఎన్ని నిమిషాలు, ఎవరు ఆడిస్తారు, పరీక్షల నెలల్లో కూడా ఉంటుందా అని విడివిడిగా అడిగితేనే సరైన జవాబు వస్తుంది. విద్యా హక్కు చట్టం 2009 ప్రతి పాఠశాలకూ ఆటస్థలం ఉండాలని నియమం పెట్టింది, సీబీఎస్ఈ 2018 నుంచి 9 నుంచి 12 తరగతులకు ఆరోగ్య, వ్యాయామ విద్యను తప్పనిసరి చేసింది. అడగడానికి మీకు ఆధారం ఉంది.

ఫలితాన్ని మార్కుల్లో వెతకడానికి తొందరపడవద్దు. ఆరు వారాల పాటు ఒక చిన్న పుస్తకంలో మూడు సంగతులు రాయండి: చదువుకు కూర్చున్నాక ఎన్ని నిమిషాలకు నిలకడ వచ్చింది, పది లెక్కల్లో అజాగ్రత్త వల్ల ఎన్ని తప్పాయి, రాత్రి ఎంతసేపటికి నిద్రపట్టింది. మార్పు లేకపోతే ఆటను మాన్పించకుండా ముందు దాని వేళ మార్చి చూడండి.

పబ్లిక్ పరీక్షల రోజుల్లో కొత్త వ్యాయామం ఏదీ మొదలుపెట్టకూడదు, ఉన్న అలవాటును సగానికి తగ్గించి కొనసాగించాలి. పరీక్ష కేంద్రం ఇంటికి కిలోమీటరు దూరంలోనే ఉంటే, బండి మీద దింపకుండా అరగంట ముందే బయలుదేరి పిల్లవాడితో కలిసి నడవండి. ఆ దారిలో సూత్రాలు అప్పజెప్పించుకోవద్దు.