మన రోజును మనమే చిత్రీకరిద్దాం – 5వ పాఠం: క్లిప్పు మీద పాట అతికించవద్దు

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం చిన్నదే. ఉదయం ఆరు, ఎనిమిది గంటల మధ్య మీ ఇంట్లోనో వీధిలోనో ప్రతిరోజూ జరిగే ఒక పనిని మూడు నిమిషాలకు మించకుండా చిత్రీకరించి పంపమన్నాను. ఈ వారం క్లిప్పులను వర్గీకరించి ఎంపిక చేసుకునే పద్ధతి చెప్పవలసి ఉంది. కానీ వచ్చినవన్నీ చూసిన తరువాత ఆ భాగాన్ని చివరికి నెట్టి, కుదించక తప్పడం లేదు. సగానికి పైగా క్లిప్పుల మీద సినిమా పాటో, వేణునాదమో, ఫోనులో ఉచితంగా దొరికే ఏదో ఒక సంగీతమో అతికించి ఉంది. మూడవ పాఠంలో శబ్దం గురించి ఒకే ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లాను; సంగీతం చేర్చవద్దని అక్కడే స్పష్టంగా రాసి ఉండవలసింది. ఆ లోటును ఈ పాఠంలో తీరుస్తాను.

సిరిసిల్ల నుండి ఒక పాఠకురాలు తమ మరమగ్గాల షెడ్డును చిత్రీకరించి పంపారు. తెల్లవారుతూనే షెడ్డు తలుపు తీయడం, మగ్గాలు ఒకదాని తరువాత ఒకటి మొదలుకావడం, పోగు తెగిన చోట ఆమె భర్త వంగి ముడి వేయడం, అన్నీ చక్కగా కుదిరాయి. అయితే మగ్గాల మోత వినసొంపుగా ఉండదని భావించి ఆమె దానిని పూర్తిగా తీసివేసి, ఒక మెల్లని పాట పెట్టారు. క్లిప్పు మధ్యలో ఆయన చేయి పైకెత్తి షెడ్డు అవతలి చివర ఉన్న మనిషికి ఏదో సైగ చేస్తారు. ఆ మోతలో మాట వినబడదు కాబట్టి అక్కడివారు సైగలతో మాట్లాడుకుంటారు. మోత తీసివేసినప్పుడు ఆ సైగకు కారణమే పోయింది. చూసేవారికి ఒక మనిషి ఊరికే చేయి ఊపినట్లు కనిపిస్తుంది. వారి బతుకులో అన్నిటికంటే విలువైన సమాచారం ఆ మోతలోనే ఉంది, పోయింది కూడా అదే.

దోహాలో పనిచేసే మరొక పాఠకుడు, ఎనిమిది మంది కలిసి ఉండే గదిలో ఉదయపు టీ కాచుకోవడాన్ని చిత్రీకరించారు. వెనుక ఎవరో ఊళ్లో ఉన్న ఇంటివారితో ఫోనులో మాట్లాడుతున్నారు. పాట చరణాల మధ్య విరామంలో “బియ్యం వచ్చినయా” అన్న రెండు మాటలు మాత్రం వినబడి, మళ్లీ పాటలో మునిగిపోయాయి. ఆ రెండు మాటల కోసం ఆ క్లిప్పును నేను నాలుగుసార్లు విన్నాను.

మనం నేర్చుకుంటున్నది సొంత వీడియో తయారుచేసుకోవడం కాదు. పదిమంది పంపిన ముక్కలను మరొకరు కూర్చే డాక్యుమెంటరీకి ముడిసరుకు అందించడం. ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ ‘లైఫ్ ఇన్ ఎ డే’. 2010 జులై 24వ తేదీ ఒక్క రోజున ప్రపంచమంతటా మామూలు మనుషులు చిత్రీకరించి యూట్యూబ్‌కు పంపిన ముక్కలతో దర్శకుడు కెవిన్ మెక్‌డొనాల్డ్ దానిని రూపొందించారు. 192 దేశాల నుండి దాదాపు 80,000 క్లిప్పులు, మొత్తం 4,500 గంటల దృశ్యం వచ్చింది. పూర్తయిన చిత్రం నిడివి 95 నిమిషాలు. అంటే తెర మీది ఒక్కొక్క నిమిషం వెనుక సుమారు 2,840 నిమిషాల దృశ్యం ఉంది. అంత రాశిలో నుండి మీ క్లిప్పులోని ఏ పన్నెండు సెకన్లు తీసుకోవాలో కూర్పరి నిర్ణయిస్తారు. ఆ పన్నెండు సెకన్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో మీకు ముందుగా తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

ఇప్పుడు పాట ఉన్న క్లిప్పును ఆ కూర్పరి బల్ల మీద ఊహించుకోండి. పల్లవి మధ్యలో కోస్తే పాట తెగుతుంది. పాట తెగకుండా కోయాలంటే పని తెగుతుంది. మీ క్లిప్పు పక్కన పెరూలో బూట్లు తుడిచే పిల్లవాడి క్లిప్పు పెట్టాలనుకుంటే, అతడి వీధి చప్పుడుకు, మీ వేణునాదానికి పొత్తు కుదరదు. పాటను విడిగా తీసివేయవచ్చు కదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. వంటింటి చప్పుడు, పాట ఒకే ఫైలులో కలిసిపోయిన తరువాత వాటిని విడదీయడం పాలలో కలిపిన నీళ్లను విడదీయడం వంటిది. ఇప్పుడు అందుకు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, నేనూ వాడి చూశాను. మాట కొంతవరకు బయటపడుతుంది గాని, గిన్నెల చప్పుడు, పక్షుల కూత, దూరపు బస్సు హారను పాటతో పాటే కొట్టుకుపోతాయి. పైగా సినిమా పాటకు హక్కుదారు వేరే ఉంటారు. వారి అనుమతి లేకపోతే కూర్పరి ఎంత ఇష్టపడినా మీ క్లిప్పును పక్కన పెట్టవలసిందే.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధించే విషయం వేరే ఉంది. మన ఇంటి చప్పుడు నలుగురికీ వినిపించదగినది కాదన్న బిడియం ఈ పాటల వెనుక ఉంది. అదే మెక్‌డొనాల్డ్ చిత్రంలో రోకళ్లతో దంచుతూ పాడే ఆఫ్రికా స్త్రీలను చూడండి. రోకటి పోటే ఆ పాటకు తాళం, పాటే ఆ పనికి ఊపిరి. దంపుళ్ల పాటలు పాడుకున్న ఇళ్లలో పుట్టిన మనకు ఇది విడమరచి చెప్పవలసిన సంగతి కాదు. ఆ చిత్రానికి సంగీతం లేదని కాదు. హ్యారీ గ్రెగ్సన్-విలియమ్స్, మాథ్యూ హెర్బర్ట్ దానికి సంగీతం సమకూర్చారు. అయితే అది కూర్పు దశలో, మొత్తం చిత్రాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన పని. క్లిప్పు పంపేవారి పని కాదు.

జపాన్‌కు చెందిన తండ్రీకొడుకుల ఘట్టం కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. సామాన్లతో కిక్కిరిసిన చిన్న ఇంట్లో తండ్రి పిల్లవాడిని నిద్ర లేపుతాడు. ఆ పిల్లవాడు చనిపోయిన తల్లి పటం ముందు అగరుబత్తి వెలిగిస్తాడు. విషాద సంగీతం పెట్టి ఉంటే తల్లి లేదన్న సంగతి మొదటి క్షణంలోనే మనకు తెలిసిపోయేది. అలా పెట్టకపోవడం వల్ల మామూలు ఉదయాన్ని చూస్తూ చూస్తూ ఆ పటం దగ్గరకు మనమే చేరుకుంటాము. చివరి ఘట్టంలో ఒక యువతి అర్ధరాత్రి దగ్గర పడుతుండగా, ఉరుములు, వాన మధ్య కారులో కూర్చుని, ఈ రోజు తనకు ప్రత్యేకంగా ఏమీ జరగలేదని చెబుతుంది. ఆ వాన చప్పుడు లేకపోతే ఆ మాటకు అంత బరువు ఉండదు.

ఇక చేయవలసిన పని. ఫోను అడ్డంగా పట్టుకోవడం, కటకం తుడుచుకోవడం వంటివి మీకు తెలిసినవే. నేను చిత్రీకరణకు ముందు ఫోనును విమాన స్థితిలో (ఎయిర్‌ప్లేన్ మోడ్) పెడతాను. మధ్యలో వచ్చే కాల్ వల్ల పాడైన క్లిప్పులు నా దగ్గర చాలా ఉన్నాయి. అడ్డంగా పట్టుకున్నప్పుడు అరచేయి మైకు రంధ్రాన్ని మూసివేయడం సాధారణంగా జరుగుతుంది. అందుకే ముందుగా పది సెకన్లు చిత్రీకరించి, ఇయర్‌ఫోన్లతో విని, ఆ తరువాతే అసలు పని మొదలుపెట్టండి. గాలి ఎక్కువగా ఉంటే మైకు మీద పలుచని చేతిరుమాలు ఒక మడత వేస్తే చాలు. ఫ్యాను ఆపవద్దు, కుక్కరు దించమని అడగవద్దు, చెత్తబండి పాట వెళ్లిపోయేదాకా ఆగవద్దు. మీరు మాట్లాడవద్దు. పని మొదలయ్యే ముందు పది, ముగిసిన తరువాత పది మనసులో లెక్కపెట్టుకుంటూ కెమెరాను కదలకుండా ఉంచండి. ఆ అంచులలో దొరికే చప్పుడే రెండు క్లిప్పులను అతికించే జిగురు. పంపేటప్పుడు వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. వీడియోగా పంపితే నాణ్యత బాగా తగ్గుతుంది. కొన్ని ఫోన్లు గ్యాలరీలో వాటంతట అవే సంగీతం చేర్చి చిన్న చిత్రాలు తయారుచేస్తాయి. వాటిని పంపవద్దు, అసలు ఫైలునే పంపండి.

వర్గీకరణ గురించి ఈసారికి ఇంతే. ‘లైఫ్ ఇన్ ఎ డే’ కోసం అనేక భాషలు తెలిసిన ఇరవై మందికి పైగా పరిశోధకులు ప్రతి క్లిప్పును చూసి, దేశం, విషయం, నాణ్యత గుర్తించి, ఒకటి నుండి ఐదు వరకు నక్షత్రాలు వేశారు. మీరు అంత చేయనక్కరలేదు. ఒక నోటుపుస్తకంలో తేదీ, సమయం, చోటు, చేస్తున్న పని, వినబడుతున్న చప్పుళ్లు రాసుకోండి. నక్షత్రాలు వేయడం నాకు ఇష్టం ఉండదు. ఈ రోజు రెండు నక్షత్రాలు వేసిన క్లిప్పు నెల తరువాత పక్క క్లిప్పుతో కలిసినప్పుడు ఐదుకు తగినదవుతుంది. చప్పుళ్ల వరుసను మాత్రం తప్పకుండా నింపండి. దృశ్యాన్ని వెతకడం సులభం, శబ్దాన్ని వెతకడం కష్టం.

దేశమంతటి ఒక రోజును ఇదే పద్ధతిలో ‘ఇండియా ఇన్ ఎ డే’ పట్టుకుంది. రిచీ మెహతా దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రానికి ప్రజలు 2015 అక్టోబర్ 10న చిత్రీకరించారు. వీలుంటే ఈ వారం దానిని ఒకసారి తెర వైపు చూడకుండా విని, ఏయే చోట్ల మీ ఊరి చప్పుడు వినబడిందో రాసుకోండి.

అభ్యాసం ఈసారి కష్టమైనది, వారం పడుతుంది. ఒక మామూలు పనిదినాన్ని ఎంచుకోండి. పండుగ, పెళ్లి, ప్రయాణం ఉన్న రోజు వద్దు. ఉదయం లేచినది మొదలు పడుకునేదాకా ప్రతి గంటకు ఒక నిమిషం చొప్పున చిత్రీకరించండి; ఆ గంటలో ఏమీ జరగకపోయినా చిత్రీకరించండి. తరువాత తెరను బోర్లించి అన్నిటినీ వరుసగా విని, ఏ గంటో చప్పుడును బట్టి గుర్తుపట్టగలుగుతున్నారో లేదో చూసుకోండి. గుర్తుపట్టలేని గంటలను మరునాడు మళ్లీ చిత్రీకరించండి. ఇంట్లో ఇతరులు కనిపించినా, వారి మాటలు వినిపించినా పంపే ముందు వారి అనుమతి అడగండి. మూడు క్లిప్పులు మాత్రమే నాకు పంపండి, వాటి చప్పుళ్ల వరుసతో సహా. సిరిసిల్ల పాఠకురాలు ఆ ఉదయపు అసలు ఫైలు ఇంకా ఫోనులో ఉంటే కొత్తది తీయనవసరం లేదు. మగ్గాల మోతతో దానినే పంపగలరు.