నల్లమల పెంటలకు సోలార్ సామాను: దారిలో వచ్చే తిప్పలు

అచ్చంపేటలో బాగానే ఉన్న సోలార్ సామాను, అడవి లోపలి అప్పాపూర్ పెంటలో (పెంట అంటే చెంచుల గూడెం) దించేసరికి పనిచేయదు. తప్పు కంపెనీదా, మనదా అని వాదించుకునే ముందు ఇవి చూడండి. నా లెక్కలో చాలావరకు తారు రోడ్డు దిగాక జరిగేవే.

సమస్య: అద్దం పగల్లేదు, కరెంటు మాత్రం తక్కువ

కారణం: ప్యానెళ్లను పడుకోబెట్టి పైన బ్యాటరీలు పెట్టడం, ఆ పైన మనుషులు కూర్చోవడం. 540 వాట్ల ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవుంటుంది. గుంతల్లో మధ్యభాగం ఊగి లోపల సెల్స్‌కు, అంటే కరెంటు పుట్టించే పలచటి పలకలకు, వెంట్రుకంత పగుళ్లు పడతాయి. కంటికి కనిపించవు. మీటర్ పెడితే వోల్టేజీ సరిగ్గానే చూపిస్తుంది. మోసపోయేది అక్కడే.

పరిష్కారం: బ్యాటరీ సగం ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కో ప్యానెల్‌ను విడిగా చార్జ్ కంట్రోలర్‌కు (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి సరిచేసి పంపే పెట్టె) కలిపి, అదే ఎండలో, అదే వాలులో ఎన్ని వాట్లు వస్తున్నాయో పోల్చండి. బాగా వెనకబడినదాన్ని పక్కన పెట్టండి. ఏ లోడూ లేకుండా దాదాపు 49 వోల్టులు రావాల్సిన చోట 33 దగ్గరే ఆగితే, సెల్స్‌లో మూడో వంతు పనిలో లేనట్టు. వెనక పెట్టెలో బైపాస్ డయోడ్ (పనిచేయని సెల్స్‌ను తప్పించి కరెంటును పక్క దారిలో పంపేది) చూడండి. కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగొద్దు, నిప్పులు చిమ్ముతుంది. ముందు ప్యానెల్ మీద దుప్పటి కప్పండి.

ఈసారి ఎక్కించేటప్పుడు పొడుగు అంచు మీద నిలబెట్టి, మధ్యలో సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టి బిగించండి. కింద మేం పాత పరుపు వేస్తాం. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి.

సమస్య: ట్యూబులర్ బ్యాటరీలో (యాసిడ్ ఉండే రకం) నీళ్లు తగ్గాయి

కారణం: బండిలో ఒరిగి ఒలికింది. ఒలికింది నీళ్లు కాదు, యాసిడ్.

పరిష్కారం: డిస్టిల్డ్ వాటర్ పోస్తే పలచబడి బ్యాటరీ నీరసిస్తుంది. ఆ బ్యాటరీకి చెప్పిన గ్రావిటీ (యాసిడ్ చిక్కదనం) ఉన్న యాసిడే పోయాలి, గ్లవ్స్ వేసుకొని. ఆవిరై తగ్గినప్పుడే నీళ్లు. ఒలికిన చోట తినే సోడా చల్లండి.

సమస్య: లిథియం బ్యాటరీ సున్నా వోల్టులు చూపిస్తోంది

కారణం: చాలాసార్లు చచ్చిపోయి కాదు. గోడౌన్‌లో నెలలు పడుండి చార్జి దిగిపోతే లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) తనే ఆపేస్తుంది.

పరిష్కారం: స్విచ్ చూడండి, తర్వాత దానికి సరిపోయే చార్జర్ పెట్టండి. డబ్బా విప్పకండి.

సమస్య: బండి మన్ననూర్ దగ్గరే ఆగిపోయింది

కారణం: రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అక్కడి అటవీ శాఖ గేటు మూసేస్తారు.

పరిష్కారం: పెంటల దారికి అటవీ శాఖ అనుమతి ముందే తీసుకొని, తెల్లవారాక వెళ్లండి. వానాకాలంలో వాగు దాటించే టెన్షన్ వేరే ఉంటుంది.

సమస్య: అన్నీ చేరాయి, ప్యానెల్ మాత్రం స్టాండు మీదికి ఎక్కలేదు

కారణం: 13 నంబర్ స్పానర్ షాపులో టేబుల్ మీదే ఉండిపోయింది.

పరిష్కారం: ఇప్పుడు రెండు తీసుకెళ్తున్నాం. ఒకటి డ్రైవర్ సీటు కింద.