చెక్కు బౌన్స్ అయితే: నోటీసు పంపే ముందు చూసుకోవాల్సినవి

ఇచ్చిన అప్పుకు చేతికొచ్చిన చెక్కు బౌన్స్ అయితే ఎవరికైనా టెన్షనే. ఫోన్లో గొడవకు దిగేముందు ఇవి చూసుకోండి.

▪ అసలు చెక్కు, బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో (చెక్కు ఎందుకు తిరిగొచ్చిందో రాసిన కాగితం) రెండూ భద్రంగా ఉంచండి. "చెక్కు తిరిగిచ్చెయ్ అన్నా, సాయంత్రానికల్లా క్యాష్ పంపిస్తా" అంటే ఒప్పుకోవద్దు. ముందు డబ్బు ఖాతాలో పడాలి.

▪ అన్నిటికన్నా ముఖ్యం తేదీలు. బౌన్స్ అయినట్టు బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు లిఖితపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందాక అవతలివాళ్లకు 15 రోజుల గడువు ఉంటుంది. అప్పటికీ కట్టకపోతే, ఆ గడువు ముగిశాక నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. "వచ్చే వారం ఇస్తా" అనే మాట నమ్మి చాలామంది నష్టపోయేది ఇక్కడే. చెక్కు తేదీ నుంచి 3 నెలలు దాటకపోతే మళ్లీ బ్యాంకులో వేయొచ్చు. మళ్లీ బౌన్స్ అయితే 30 రోజుల లెక్క కొత్తగా మొదలవుతుంది.

▪ నోటీసులో చెక్కు నంబరు, తేదీ, సొమ్ము చెక్కు మీద ఉన్నట్టే రాయండి. వడ్డీ, ఖర్చులు అడగాలంటే విడిగా చూపండి. అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే నోటీసు చెల్లదని వాదిస్తారు.

▪ స్పీడ్ పోస్టు రసీదు, అందినట్టు రుజువు దాచండి.

▪ ప్రామిసరీ నోటు, బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ మెసేజీలు ఒకచోట పెట్టుకోండి. అప్పు నిజమైనదేనని చూపేవి ఇవే.

▪ ఇంటికెళ్లి బెదిరించొద్దు. ఎదురు కేసు పడుతుంది.

▪ సెక్షన్ 138 (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో చెక్కు బౌన్స్‌ను నేరంగా చూసే సెక్షన్) కింద కేసు మీ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులో వేయాలి. డబ్బు వసూలుకు సివిల్ దావా కూడా వేయొచ్చు. లాయర్‌ను ఈ రెండింటి గురించీ అడగండి.