బయటపడాలనుకుంటే ముందే చెప్పకండి

"నేను వెళ్ళిపోతున్నా" అని ముఖం మీదే చెప్పేసి వెళ్ళాలని, కొట్టే భర్త లేదా భాగస్వామి నుంచి బయటపడాలనుకునే చాలామందికి ఉంటుంది. వద్దు. కొట్టే మనిషికి పట్టు జారిపోతోందని తెలిసే ఆ సమయమే అన్నిటికన్నా ప్రమాదం, బయటికొచ్చాక కొన్నాళ్ళూ అంతే. ఇదివరకు ఒక్కసారైనా గొంతు నులిమి ఉంటే తేలిగ్గా తీసుకోకండి, ప్రాణాపాయానికి అది పెద్ద గుర్తు.

ముందు ఫోన్ సంగతి చూడండి. లొకేషన్ షేరింగ్, ఇద్దరూ వాడే ఈమెయిల్, క్లౌడ్ బ్యాకప్, బ్రౌజర్ హిస్టరీ, వీటిలో ఏదో ఒకటి మీ ప్లాన్‌ని బయటపెట్టేస్తుంది. అలాగని అన్నీ ఒక్కసారే ఆపేస్తే అనుమానం వస్తుంది కాబట్టి మీ ఫోన్‌ని మామూలుగానే వాడుతూ, ఆశ్రయం కోసం, లాయర్ కోసం వెతకడం మాత్రం అవతలి మనిషి చెయ్యి పడని ఫోన్‌లో, కొత్త ఈమెయిల్‌తో చేసుకోండి.

గుర్తింపు కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు, మందులు, కొంత నగదు, మారు తాళంచెవి ఒక బ్యాగులో సర్ది నమ్మకమైన వాళ్ళింట్లో పెట్టండి. ఒరిజినల్స్ కనపడకపోతే తెలిసిపోతుందనుకుంటే ప్రస్తుతానికి కాపీలు చాలు. గాయాల ఫొటోలు, బెదిరింపు మెసేజ్‌లు కూడా అక్కడికే చేర్చండి.

గొడవ మొదలైతే వంటగదిలోకి, బాత్రూమ్‌లోకి వెళ్ళకండి: ఒకచోట కత్తులుంటాయి, ఇంకోచోట బయటికి దారుండదు. "నా నీలం గొడుగు నీ దగ్గరుందా?" అని మీ నుంచి మెసేజ్ వస్తే వెంటనే పోలీసులకి ఫోన్ చెయ్యాలని ఒక స్నేహితురాలితో ముందే అనుకోండి. పిల్లలకి మధ్యలోకి రావద్దని, బయటికి పరుగెత్తమని నేర్పండి.

వెళ్ళాక రోజూ తిరిగే దారులు, టైములు మార్చండి. పిల్లల్ని ఎవరికి అప్పగించకూడదో బడిలో చెప్పండి. "చివరిసారి ఒక్కసారి మాట్లాడదాం రా" అని కబురొస్తే మాత్రం ఒంటరిగా అస్సలు వెళ్ళకండి.