పిట్టల పెరడు – 3వ పాఠం: కామంచి

గత పాఠంలో నీళ్ల పళ్లెం ఎక్కడ పెట్టాలో, ఎలా కడగాలో చూశాం. నీళ్లకు వచ్చిన పిట్ట పెరట్లోనే తిరగాలంటే తిండి కూడా దొరకాలి. దానికి నేను మొదట చెప్పేది కామంచి. వానలు పడితే గోడవారన దానంతటదే మొలుస్తుంది, మనమేమో కలుపని పీకేస్తాం. పిట్టల కోసమని కొందరు లాంటానా నాటుతున్నారు. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన అడవుల్ని కమ్మేసిన మొక్క. దయచేసి వద్దు.

ముందు గుర్తుపట్టాలి. కామంచిది వంగ, టమాటా, మిరప కుటుంబమే. మోకాలి ఎత్తు, బాగా పెరిగితే నడుం దాకా వస్తుంది. ముళ్లుండవు. పూలు చిన్నవి, తెల్లవి. బఠాణీ కంటే చిన్న కాయలు నాలుగైదు ఒకే కాడ చివర గుత్తిగా వేలాడతాయి, పండితే నల్లబడతాయి. లేత ఉమ్మెత్త మొక్క చూడ్డానికి ఇలాగే ఉంటుంది కాబట్టి, పూత, కాయ చూసి నిర్ధారించుకునేదాకా ఆకు కోసి వండొద్దు. ఉమ్మెత్త పువ్వు గరాటులా పొడవుగా ఉంటుంది, కాయకు ముళ్లుంటాయి.

బాగా పండిన నాలుగు పండ్లు చాలు, విత్తనం బోలెడు. గ్లాసు నీళ్లలో చిదిమి ఒక రోజు ఉంచండి. గుజ్జు వంపేసి, అడుగున మిగిలిన గింజల్ని కడిగి నీడన ఆరబెట్టండి. తొలకరి తర్వాత చల్లి, పైన పల్చగా మట్టి జల్లితే సరిపోతుంది. లోతుగా పెడితే మొలవదు. బాల్కనీలో అయితే 12 అంగుళాల కుండీకి ఒక్క మొక్కే. వంగ, టమాటా మళ్లకు మాత్రం దూరంగా పెట్టండి, వాటి తెగుళ్లు దీనికీ, దీనివి వాటికీ అంటుకుంటాయి.

పూత మొదలయ్యాక ఒక ఉదయం భూతద్దం తీసుకుని కూర్చోండి. మధ్యలో పసుపు కేసరాలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. వాటి కొసన సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. పుప్పొడి అందులోంచే రాలాలి. పట్టు పెట్టకుండా విడివిడిగా బతికే కొన్ని ఒంటరి తేనెటీగలు పువ్వును కరిచి పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఒళ్లంతా జుమ్మని అదిలిస్తాయి, పొడి జలజలా రాలుతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. ఏ ఈగా రాకపోయినా టెన్షన్ పడక్కర్లేదు, కామంచి తన పుప్పొడితోనే కాయగలదు.

ఆకులు జల్లెడలా అయితే వెనక్కి తిప్పి చూడండి. ముళ్లముళ్లుగా ఉన్న పసుపు పురుగులు పచ్చదనం గీకి తింటుంటే అవి వంగను తినే అక్షింతల పురుగు పిల్లలు. పెద్ద పురుగు వీపు మీద 28 నల్ల చుక్కలుంటాయి. మొక్క మరీ పాడైపోతుంటే చేత్తో ఏరేయండి, మందు మాత్రం కొట్టొద్దు. పిగిలిపిట్ట పండ్లు తిన్నా, పిల్లల నోట్లో ఎక్కువగా పెట్టేది పురుగులే. మందు కొట్టిన మొక్క మీద ఆ రెండూ విషమే.

పచ్చి కాయల్లో సోలనిన్ అనే విషపదార్థం ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో ఈ సంగతి గట్టిగా చెప్పాలి: నల్లగా పండి, పట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చేదే తినే పండు, ఆకుపచ్చది ముట్టుకోవద్దు. ఆకు మనం కోసుకోవచ్చు, ఉడికించి పప్పులో వేసుకుంటే బాగుంటుంది. తమిళనాడులో దీన్ని మణత్తక్కాళి అని కూరగాయల బజారులోనే అమ్ముతారు. పండ్లు మాత్రం పిట్టలకు వదిలేయమని నా మాట. పిగిలిపిట్టలు, గోరువంకలు గింజల్ని మింగి ఎక్కడెక్కడో రెట్ట వేస్తాయి, వచ్చే వానలకు మీరు నాటని చోట మొలకలు కనిపిస్తాయి. మొక్క ఎండుముఖం పట్టినా, చివరి గుత్తి అయిపోయేదాకా పీకకండి.

ఈ వారం పని: మీ వీధిలో ఒక కామంచి మొక్క వెతికి, ఒకే గుత్తిలో కాయ, దోర, పండు మూడూ ఉన్నాయేమో చూడండి. పక్కనే ఉమ్మెత్త దొరికితే రెండింటి ఆకులూ పోల్చి చూసి చేతులు కడుక్కోండి. 4వ పాఠంలో కంచె మీదికి దొండ తీగ పాకిద్దాం.